పులికాట్ సరస్సు – ప్రళయకావేరిని చూడబోయే కుటుంబాలకు

ఒడిశాలోని చిలికా తర్వాత మన దేశంలో రెండవ పెద్ద ఉప్పునీటి సరస్సు పులికాట్. ఉత్తర దక్షిణాలుగా సుమారు 60 కిలోమీటర్ల పొడవున పరచుకొన్న ఈ జలరాశిలో అధికభాగం ఆంధ్రప్రదేశ్‌లోను, దక్షిణపు కొస తమిళనాడులోని తిరువళ్లూరు జిల్లాలోను ఉన్నాయి. ఆంధ్రభాగం పూర్వం నెల్లూరు జిల్లాకు చెందినది. 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు సూళ్లూరుపేట, తడ, దొరవారిసత్రం మండలాలు తిరుపతి జిల్లాలో చేరాయి. సరస్సుకూ బంగాళాఖాతానికీ నడుమ శ్రీహరికోట దీవి పొడవైన ఇసుక గట్టువలె అడ్డుగా నిలిచి ఉంది. మన ఉపగ్రహాలను మోసుకొని రాకెట్లు ఎగిరేది అక్కడినుండే.

గుమ్మిడిపూండి, పొన్నేరి, ఊత్తుకోట ప్రాంతాలలోని తెలుగు కుటుంబాలకు ఇది ఇంటి ప్రక్క సరస్సే. అయినా ఊటీ, కొడైకెనాల్ చూచివచ్చినవారు కూడా పులికాట్‌ను బస్సు కిటికీలోనుండి తప్ప చూడకపోవడం సాధారణం. పిల్లలను వెంటబెట్టుకొని ఒక రోజు తీరికగా చూడదలచినవారికి ఉపకరించే విషయాలను ఈ వ్యాసంలో పొందుపరుస్తున్నాము.

పేర్ల సంగతి

పులికాట్ అనేది పరదేశీయుల నోట మారిన పేరు. తమిళులు దక్షిణపు ఒడ్డున ఉన్న ఊరిని పళవేర్కాడు అంటారు; పాశ్చాత్యులు దానినే పులికాట్‌గా పలికారనీ, ఊరి పేరు సరస్సుకు స్థిరపడిందనీ చెబుతారు. తెలుగువారి నోట దీనికి ప్రళయకావేరి అన్న పేరు ఉంది. పత్రికలలోను, ప్రభుత్వ ఫలకాలపైన ఆ పేరు అరుదుగా కనబడుతుంది. స.వెం.రమేశ్ రచించిన ‘ప్రళయకావేరి కథలు’ ఆ పేరును, ఈ సరస్సు దీవులలోని జనుల పలుకుబడిని సాహిత్యలోకానికి తిరిగి పరిచయం చేసిన పుస్తకం. సరస్సును చూడబోయే ముందు దానిని చదివితే అక్కడి ఊళ్లు వట్టి దృశ్యాలుగా కాక మనుషులున్న చోట్లుగా కనబడతాయి.

ఊళ్ల పేర్లలోనే ఈ నేల స్వభావం దాగి ఉంది. తిప్ప అంటే నీటి మధ్య, లేక పల్లపు నేల మధ్య మెరకగా లేచిన దిబ్బ. దొరువు అంటే ఇసుకనేలలో త్రవ్వుకొన్న నీటిగుంట. అటకానితిప్ప, రాయదొరువు వంటి పేర్లు అలా ఏర్పడినవే. బెస్త పల్లెలకు ఉత్తరాన పాలెం అన్న పేరు ఎక్కువ. దక్షిణానికి పోయినకొద్దీ కుప్పం అన్న పేరు ఎక్కువ అవుతుంది. రాష్ట్రాల హద్దు మాత్రం ఈ పేర్లను అనుసరించి గీచినది కాదు. 1953లో ఆంధ్రరాష్ట్రం ఏర్పడిన తర్వాత కూడా ఈ ప్రాంతపు సరిహద్దు తగవులు కొనసాగి, 1960 ఏప్రిల్ 1న మార్పులు అమలులోకి వచ్చాయి. తిరుత్తణి మద్రాసు రాష్ట్రానికి పోయింది, సత్యవేడు ప్రాంతం ఆంధ్రకు వచ్చింది. నేలమీద రాళ్లు పాతి హద్దు చూపించవచ్చును గాని నీటిమీద చూపించడం ఎలా? వల వేసే చోటు ఏ రాష్ట్రానిదన్న విషయంపై ఇరుప్రక్కల జాలరుల మధ్య వివాదాలు పలుమార్లు రేగాయి.

నీరు ఎక్కడినుండి వస్తుంది

దీనిని చెరువువలె ఎప్పుడూ ఒకే తీరున ఉండే జలాశయంగా భావించి వెళ్లినవారు నిరాశపడతారు. పడమటినుండి కాళంగి, ఆరణి నదులు, స్వర్ణముఖి పాయ మంచినీటిని తెచ్చి దీనిలో కలుపుతాయి. తూర్పున సముద్రపు పోటు ముఖద్వారాల గుండా ఉప్పునీటిని లోనికి త్రోస్తుంది. ఉత్తరాన తూపిలిపాలెం, రాయదొరువు ప్రాంతంలోను, దక్షిణాన పళవేర్కాడు వద్దను ఈ ద్వారాలు ఉన్నాయి. ఈశాన్య ఋతుపవనాల వానలు దండిగా కురిసినప్పుడు సరస్సులోని నీటి ఉప్పదనం బాగా తగ్గిపోతుంది. ఎండకాలం ముదిరేసరికి అదే నీరు సముద్రపు నీటికంటె ఉప్పగా మారుతుంది. సగటు లోతు ఒక మీటరు మాత్రమే కనుక ఉత్తరభాగంలో మైళ్లకొద్దీ నీరు ఇంకిపోయి, పగుళ్లువారిన తెల్లని చవుటినేల బయటపడుతుంది. మే నెలలో వెళ్లి సరస్సు ఏదని అడిగినవారు ఉన్నారు!

ఈ లోతు లేకపోవడమే పక్షులకు వరం. పొడవైన కాళ్లు గల పక్షి నిలబడి మేయగలిగినంత నీరు ఇన్ని మైళ్ల మేర దొరకడం అరుదు. రొయ్యల విషయం మరొక విధంగా ఉంటుంది. రొయ్య గ్రుడ్లు పెట్టేది సముద్రంలో. పిల్లలు పోటునీటితోపాటు ముఖద్వారం దాటి సరస్సులోకి వచ్చి, అక్కడి మేతతో ఎదిగి, తిరిగి సముద్రానికి పోతాయి. ద్వారం మూసుకొన్న ఏడు రొయ్య ఉండదు. పండుగప్ప వంటి చేపలకూ ఆ రాకపోకలే ఆధారం.

ద్వారాలు మూసుకొనడానికి కారణం ఇసుక. తూర్పుతీరం వెంబడి కెరటాలు ఇసుకను ఉత్తరదిశగా నెడుతూ ఉంటాయి. ఆ ఇసుక ముఖద్వారం వద్ద మేటవేస్తుంది. నదులకు వరద వచ్చినప్పుడు లోపలి నీటి ఒత్తిడికి మేట తెగి దారి తెరుచుకొంటుంది. వానలు చాలని ఏళ్లలో, ఎగువన నీరంతా చెరువులలో, కాలువలలో నిలిచిపోయిన ఏళ్లలో, తెంచే శక్తి లేక ద్వారం పూడిపోతుంది. రాయదొరువు వద్ద పూడిక తీయించమని ఆంధ్రప్రాంతపు జాలరులు, పళవేర్కాడు ద్వారాన్ని శాశ్వతంగా తెరచి ఉంచమని తమిళనాడు జాలరులు దీర్ఘకాలంగా కోరుతున్నారు. సూళ్లూరుపేటనుండి శ్రీహరికోటకు సరస్సుకు అడ్డంగా వేసిన రహదారి కట్ట నీటి రాకపోకలను అడ్డగిస్తున్నదన్న విమర్శ కూడా ఉంది. ఆ కట్టమీదనే నిలబడి మనము పక్షులను చూస్తాము.

ముందు నేలపట్టు

చాలమంది నేరుగా సరస్సుకు పోయి, దూరాన తెల్లని గీతవలె కనబడే పక్షులను చూచి తిరిగి వస్తారు. మా అభిప్రాయంలో యాత్ర నేలపట్టుతో మొదలు కావాలి. సూళ్లూరుపేటకు ఉత్తరంగా సుమారు 20 కిలోమీటర్ల దూరంలో, దొరవారిసత్రం సమీపాన ఉన్న చిన్న పల్లె ఇది. ఇక్కడి చెరువు, దాని చుట్టునున్న పొదల అడవి కలిసి సుమారు నాలుగున్నర చదరపు కిలోమీటర్ల విస్తీర్ణం మాత్రమే. 1976లో దీనిని పక్షుల అభయారణ్యంగా ప్రకటించారు. పులికాట్ ఆంధ్రభాగాన్ని కూడా అదే ఏడు అభయారణ్యం చేశారు. తమిళనాడు తన భాగాన్ని 1980లో ప్రకటించింది. ఒకే నీటికి ఇద్దరు కాపరులన్నమాట.

నేలపట్టు చెరువులో మొదలంటా నీటిలో మునిగి నిలిచే చెట్లున్నాయి. వాటి కొమ్మలపైన గూడబాతులు వందలకొద్దీ గూళ్లు కడతాయి. ముక్కు క్రింద సంచివలె వ్రేలాడే తోలు గల ఈ పెద్ద పక్షులు దక్షిణభారతంలో గుంపుగా పిల్లలను లేపే ముఖ్యమైన చోట్లలో ఇది ఒకటి. వాటితోపాటు నత్తగుల్లకొంగలు, తెల్లకంకణాలు, నీటికాకులు, చీకటికొంగలు కాపురం పెడతాయి. వానలు పడి చెరువు నిండితేనే ఇవి గూళ్లకు దిగుతాయి. చెట్టు మొదలు నీటిలో ఉన్నంతకాలం పిల్లికి, నక్కకు గూడు అందదు. చెరువు నిండని ఏడు పక్షులు వచ్చినట్లే వచ్చి చూచి వెళ్లిపోవడం కద్దు.

గూడు ఇక్కడ, మేత అక్కడ. తల్లిపక్షులు ప్రతిదినం పులికాట్‌కు ఎగిరిపోయి చేపలు పట్టి, గొంతులో దాచుకొని తెచ్చి, పిల్లల నోటికి అందిస్తాయి. పిల్ల తన తలను తల్లి గొంతులోకి దూర్చి తింటున్న దృశ్యాన్ని మా పిల్లలు మొదట చూచి, తల్లి పిల్లను మింగుతున్నదని బెదిరారు. ఈ రాకపోకలను కళ్లారా చూచిన తర్వాత, పులికాట్ ముఖద్వారం పూడిపోతే ఇరవై కిలోమీటర్ల అవతలి చెరువులో గూళ్లు ఎందుకు తగ్గుతాయో వేరుగా చెప్పనక్కరలేదు.

నేలపట్టువారికీ పక్షులకూ ఉన్న అనుబంధం పాతది. సమీపంలోని వెదురుపట్టులో కొంగలు ఊరి నడుమ, ఇళ్ల ప్రక్క చెట్లపైననే గూళ్లు కట్టడం ప్రసిద్ధం. పక్షి రాక ఊరికి శుభమని వారి నమ్మిక. నమ్మికకు తోడు లాభమూ ఉంది. రెట్టలు పడిన చెరువునీరు పొలాలకు పారినప్పుడు ఎరువు ఖర్చు కలిసివస్తుందని రైతులు చెబుతారు.

అక్టోబరు, నవంబరు నెలలలో పక్షులు దిగుతాయి. డిసెంబరు, జనవరి నెలలలో గూళ్లలో పిల్లలను చూడవచ్చును. మార్చి దాటితే సందడి తగ్గుతుంది. చెరువుకట్ట వెంట నడకదారి, చూపుగోపురాలు ఉన్నాయి. తెల్లవారిన వెంటనే, లేదా సాయంత్రం నాలుగు దాటిన పిమ్మట వెళ్లడం మంచిది. ముదురు పచ్చ, మట్టి రంగుల దుస్తులు ధరించడం, మాటలు తగ్గించడం, దుర్భిణి ఉంటే వెంట తీసుకొనిపోవడం ఉపయుక్తం. గూటిలోని పక్షి బెదరి లేచిన ప్రతిసారీ గ్రుడ్లకు ఎండ తగులుతుంది, కాకి కాచుకొని ఉంటుంది. పిల్లలు చప్పట్లు కొట్టకుండా పెద్దలు చూచుకోవాలి.

అటకానితిప్ప, రాజహంసలు

సూళ్లూరుపేటనుండి శ్రీహరికోట రహదారి పట్టగానే కొద్దిసేపటికి ఇరువైపుల నీరు కనబడుతుంది. ఆ దారిలోనే అటకానితిప్ప ఉంది. అటవీశాఖవారి పర్యావరణ విజ్ఞానకేంద్రం ఇక్కడ ఉన్నది. రాజహంసలను చూచేందుకు ఈ దారి అనువైనది. మన కావ్యాలలోని రాజహంస వేరు, ఇక్కడివారు రాజహంస అని పిలిచే ఈ ఫ్లెమింగో వేరు. అయినా పేరు అతికినట్లు కుదిరింది.

మనిషి నడుము దాటిన ఎత్తు, సన్నని గులాబి కాళ్లు, నడుమ విరిచినట్లు వంగిన ముక్కు – ఇవి గుర్తులు. తలను తలక్రిందులుగా నీటిలో ముంచి, ముక్కుతో బురదనీటిని జల్లెడపట్టి, నాచును, సన్నని రొయ్యజాతి పురుగులను తింటుంది. ఆ మేతలోని రంగే రెక్కలకు గులాబివన్నె తెస్తుంది. పిల్లపక్షులు బూడిదరంగులో ఉంటాయి కనుక గుంపులో మాసిన పక్షులు కనబడితే జబ్బు చేసినవని అనుకోరాదు. ఇవి గూళ్లు పెట్టేది గుజరాత్‌లోని కచ్ రణ్ చవుటినేలలలో. పులికాట్‌కు వచ్చేది మేతకే. ఉత్తరాదినుండి, ఇంకా దూరదేశాలనుండి వచ్చే సూదితోక బాతులు మొదలైన శీతకాలపు వలసపక్షులు కూడా ఇదే నీటిలో కనబడతాయి. ఎర్రకాళ్లకొంగలు, నారాయణపక్షులు సరేసరి.

దూరంగా నిలబడి చూడడమే ఇక్కడి మర్యాద. రాజహంసలు గుంపుగా లేచినప్పుడు రెక్కల అడుగున ఎరుపు, నలుపు ఒక్కసారిగా మెరిసే మాట నిజమే. ఆ మెరుపు కోసం హారను మ్రోగించేవారిని, నీటిలోకి రాళ్లు విసిరేవారిని మేము ఆ దారిలో చూచాము. దూరప్రయాణం చేసివచ్చి మేస్తున్న పక్షి అలా మాటిమాటికి లేస్తే తిన్నది అరగకముందే ఖర్చయిపోతుంది.

2001 నుండి సూళ్లూరుపేట కేంద్రంగా పక్షుల పండుగ జరుపుతున్నారు. మధ్యలో కొన్నేళ్లు ఆగిపోయి 2025 జనవరిలో తిరిగి జరిగింది. ఆ రోజులలో వాహనసౌకర్యం, ప్రదర్శనలు ఉంటాయి గాని జనసమ్మర్దం అధికం. పక్షులను చూడడమే ముఖ్యమనుకొనేవారు పండుగకు ముందు వారమో తరువాతి వారమో, పనిదినాలలో వెళ్లడం మేలు.

రహదారి కొసనున్న శ్రీహరికోటలోనికి అనుమతి లేనిదే పోనివ్వరు. 1971లో ఇక్కడినుండి తొలి రాకెట్టు ప్రయోగం జరిగింది. 2002లో కేంద్రానికి సతీశ్ ధవన్ పేరు పెట్టారు. ప్రయోగాలను చూచేందుకు 2019లో సందర్శకుల వేదిక తెరిచారు. ముందుగా పేరు నమోదు చేసుకొన్నవారికే ప్రవేశం. ప్రయోగం నాడు రహదారిలో తనిఖీలు, ఆటంకాలు ఉంటాయి కనుక పక్షులకోసం వచ్చేవారు తేదీ తెలుసుకొని బయలుదేరాలి. ఈ దీవి యానాదుల నివాసభూమి అన్న మాట పిల్లలకు చెప్పదగినది. అడవిలో దుంపలు, తేనె, మూలికలు సేకరించి, సరస్సులో చేపలు పట్టి జీవించిన ఆ తెలుగు ప్రజలలో అనేక కుటుంబాలు కేంద్రం వచ్చినప్పుడు దీవిని విడువవలసి వచ్చింది.

పడవ ఎక్కే ముందు

తడ సమీపాన, రాష్ట్ర సరిహద్దును ఆనుకొని ఉన్న భీములవారిపాలెం పడవ విహారానికి పేరుపొందింది. ఇరకం వంటి దీవుల జనులకు పడవే దారి కనుక, వారికి అవసరమైనదే మనకు వినోదమవుతున్నది. ప్రభుత్వ అనుమతి గల పడవనే ఎక్కాలి. ప్రాణరక్షక కవచం పిల్లలకు సరిపడే కొలతలో ఉన్నదో లేదో చూచి, తొడిగించిన తర్వాతనే పడవను కదలనివ్వాలి.

ఇది లాంఛనంగా వ్రాసే హెచ్చరిక కాదు. 2011 డిసెంబరు 25న, క్రిస్మస్ సెలవునాడు, పళవేర్కాడు వద్ద విహారానికి పోయిన పడవ మునిగి 22 మంది మరణించారు. వారిలో పసిపిల్లలున్నారు. సరస్సు మీటరు లోతే కదా అన్న ధీమా ముఖద్వారం దగ్గర చెల్లదు. అక్కడ పాటునీరు సముద్రంవైపు వడిగా లాగుతుంది, ఇసుకమేటపై కెరటం విరుగుతుంది. ముఖద్వారం వద్దకు తీసుకొనిపొమ్మని పడవవానిని ఎవరూ ఒత్తిడి చేయరాదు. ఆ దుర్ఘటన తర్వాత పళవేర్కాడులో యాత్రికుల పడవలపై నిషేధం విధించారు; అక్కడ ఎవరైనా చాటుగా పిలిచి పడవ ఎక్కమంటే ఎక్కకపోవడమే క్షేమం.

పళవేర్కాడు

దక్షిణపు ఒడ్డుకు పడవ లేకుండానే వెళ్లవచ్చును. పొన్నేరినుండి బస్సులు ఉన్నాయి. చెన్నైనుండి సుమారు 60 కిలోమీటర్లు. 1502 నాటికే పోర్చుగీసువారు ఇక్కడ అడుగుపెట్టారు. తర్వాత వచ్చిన డచ్చివారు 1613లో గెల్డ్రియా కోటను నిర్మించి, 1690 వరకు చోళమండల తీరపు వర్తకానికి దీనినే ముఖ్యస్థానం చేసుకొన్నారు. అద్దకపు వస్త్రాలు ఓడలకెక్కినదీ, బానిసలుగా మనుషులు ఓడలకెక్కినదీ ఈ రేవునుండే. కోట ఆనవాళ్లు పొదలలో కలిసిపోయాయి. డచ్చివారి శ్మశానం మాత్రం పురావస్తుశాఖ రక్షణలో నిలిచి ఉంది. దాని ద్వారం వద్ద రాతిలో చెక్కిన అస్థిపంజరాలు పిల్లలకు భయాన్నీ కుతూహలాన్నీ ఒకేసారి కలిగిస్తాయి.

ఇక్కడి జాలరులు ‘పాడు’ అనే కట్టుబాటును పాటిస్తారు. చేప, రొయ్య దొరికే నీటిచోట్లను పంచి, ఏ రోజు ఎవరు ఎక్కడ వల కట్టాలో వంతులవారీగా నిర్ణయించుకొనే పద్ధతి ఇది. మంచిచోటు ఒకరికే దక్కకుండా చూడడం దాని ఉద్దేశ్యం. వంతులో లేనివారికి నీరు దక్కదన్న ఫిర్యాదు కూడా దానితోపాటే ఉంది. దక్షిణాన ఎన్నూరు, కాట్టుపల్లి వైపు లేచిన విద్యుత్కేంద్రాలు, రేవులు తమ వేటకు ముప్పుతెస్తున్నాయన్నది వీరి మరొక ఆవేదన.

ప్రయాణ వివరాలు

చెన్నై–కోల్‌కతా జాతీయరహదారి, రైలుమార్గం రెండూ సూళ్లూరుపేట మీదుగానే పోతాయి. చెన్నైనుండి లోకల్ రైళ్లు గుమ్మిడిపూండి దాటి సూళ్లూరుపేట వరకు వస్తాయి. నెల్లూరువైపునుండి వచ్చేవారు ప్యాసింజరు రైలులో దొరవారిసత్రం వద్ద దిగవచ్చును. నేలపట్టుకు, అటకానితిప్పకు కలిపి సూళ్లూరుపేటలో ఆటో మాట్లాడుకొంటే ఒక రోజు సరిపోతుంది. ఉదయం నేలపట్టు చూచి, ఎండపొద్దు సూళ్లూరుపేటలో గడపవచ్చును. కాళంగి ఒడ్డున ఉన్న చెంగాళమ్మ గుడి తలుపులు మూయరన్నది ఆచారం. రాకెట్టు ప్రయోగాలకు ముందు శాస్త్రవేత్తలు సైతం వచ్చి దర్శించుకొనే గుడి ఇది. సాయంత్రం అటకానితిప్పకు చేరాలి. పళవేర్కాడును మరొక రోజుకు ఉంచుకోవడం మంచిది. రెండు ఒడ్లనూ ఒకే దినంలో చుట్టబోతే ప్రయాణమే మిగులుతుంది.

సరస్సు దారిలో నీడ తక్కువ, త్రాగునీరు దొరకదు. ఇంటినుండే నీళ్లు, పులిహోరయో పెరుగన్నమో మూటగట్టుకొని, తిన్న విస్తరాకులను, ప్లాస్టిక్ సంచులను తిరిగి వెంట తెచ్చుకోవాలి. గాలి ఎప్పుడూ బలంగా వీస్తుంది. కట్టమీద వదలిన సంచి నిమిషంలో నీటిలో ఉంటుంది.